పుట్టగొడుగు నుంచి కైటోసాన్: ‘తీయడం’ అనే క్రియ – తెలుగు వైజ్ఞానిక వచనంపై పరిభాషా విమర్శ

వ్యాససంగ్రహం:

పుట్టగొడుగుల నుంచి కైటోసాన్ అనే పదార్థాన్ని తయారుచేసి గాయపు పట్టీలకు, ఔషధ వాహకాలకు, కీళ్ల చికిత్సకు వినియోగించే పరిశోధన కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. ఈ విషయం తెలుగులోకి వచ్చేటప్పుడు ‘వెలికితీత’, ‘వ్యర్థం’, ‘శాకాహారం’, ‘జీవానుకూలం’ వంటి మాటలు దాన్ని మోసుకొస్తాయి. ఇవి నిఘంటువు దృష్టిలో తప్పు మాటలు కావు. అయితే ప్రయోగశాలలో జరిగే పనికీ, పాఠకుని మనసులో ఏర్పడే చిత్రానికీ మధ్య ఇవి ఎడం పెంచుతున్నాయి. ఆ ఎడం ఎక్కడ మొదలవుతుందో, దాన్ని తగ్గించగల వనరులు తెలుగు క్రియల్లోనే ఎలా ఉన్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కైటిన్, కైటోసాన్, పుట్టగొడుగు, శిలీంధ్రం, పరిభాష, వైజ్ఞానిక వచనం, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో వైజ్ఞానిక వచనానికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి నుంచి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వరకు ఆ చరిత్రలో అధికభాగం పారిభాషిక పదాల సృష్టి చుట్టూ తిరిగింది. ఏ ఆంగ్లపదానికి ఏ తెలుగు పదం అన్నదే ప్రధాన చర్చ. సంస్కృత సమాసమా, దేశ్యపదమా, ఉన్నది ఉన్నట్టు లిప్యంతరీకరణమా అన్న వాదాలన్నీ నామవాచకాల గురించినవే. వేమూరి వేంకటేశ్వరరావు వంటి రచయితలు తెలుగు మాటలకు చోటు కల్పించడానికి చేసిన కృషి విలువైనదే. అయినా ఒక సంగతి ఈ చర్చలో వెనుకబడింది. వైజ్ఞానిక వాక్యంలో పొరపాటు చాలాసార్లు నామవాచకంలో కాక క్రియలో ఉంటుంది. పదార్థానికి పేరు సరిగానే పెట్టి, దానికి ఏమి జరిగిందో తప్పుగా చెప్పే వాక్యాలు రాయడం సులువు.

పుట్టగొడుగు కైటోసాన్ ఇందుకు చక్కని ఉదాహరణ. ‘పుట్టగొడుగుల నుంచి కైటోసాన్‌ను వెలికితీసి వైద్యంలో వాడతారు’ అనే వాక్యం చదవడానికి సాఫీగా ఉంది. పాఠ్యపుస్తకంలో గానీ ఆరోగ్య శీర్షికలో గానీ ఎవరూ దాన్ని అభ్యంతరపెట్టరు. కానీ ఈ వాక్యంలోని ప్రతి మాటనూ నిలబెట్టి ప్రశ్నించవలసి ఉంది. ఏ పుట్టగొడుగు? వెలికితీయడమంటే లోపల ఉన్నదాన్ని బయటికి తేవడమా? వైద్యంలో అంటే ఎవరికి, ఏ రూపంలో? ఇది భాషాప్రియుల ముచ్చట కాదు. రొయ్య తింటే దద్దుర్లు వచ్చే మనిషి, మోకాలి నొప్పితో బాధపడే మనిషి ఇటువంటి వాక్యాన్ని చదివి నిర్ణయాలు తీసుకుంటారు.

2. పేరు ఎవరిది?

కైటిన్ చరిత్ర పుట్టగొడుగుతోనే మొదలైంది. ఫ్రాన్సులోని నాన్సీ నగర వృక్షోద్యానానికి సంచాలకుడైన ఆన్రీ బ్రాకొనో 1811లో పుట్టగొడుగులను క్షారంతో శుద్ధిచేసి, మిగిలిన కరగని పదార్థాన్ని గుర్తించాడు. దానికి ‘ఫంగిన్’ అని పేరు పెట్టాడు. అంటే అది శిలీంధ్రం పేరుతోనే పుట్టిన పదార్థం. 1823లో ఒగ్యుస్త్ ఒడియే పేడపురుగుల జాతికి దగ్గరి కీటకాల రెక్కతొడుగుల్లో అదే తరహా పదార్థాన్ని చూసి, అంగీ లేదా పైతొడుగు అనే అర్థమున్న గ్రీకు మాట ఆధారంగా ‘కైటిన్’ అన్నాడు. శాస్త్రలోకంలో రెండో పేరే నిలిచింది. 1859లో షార్ల్ రూజే కైటిన్‌ను గాఢ క్షారంతో మరిగించి, ఆమ్లంలో కరిగే కొత్త రూపాన్ని పొందాడు. 1894లో ఫెలిక్స్ హోప్-జైలర్ ఆ రూపానికి ‘కైటోసాన్’ అని నామకరణం చేశాడు.

పన్నెండేళ్లు ముందు పుట్టిన పేరు వెనక్కి పోయి, కీటకం పేరు ముందుకు రావడంతో కథనం క్రమం తలకిందులైంది. రొయ్య, పీత పెంకులు పారిశ్రామిక ముడిసరుకుగా స్థిరపడ్డాక పుట్టగొడుగు ‘ప్రత్యామ్నాయ వనరు’ అయింది. పరిశోధన పత్రాలన్నీ దాదాపు ఒకే తీరులో మొదలవుతాయి: ముందు రొయ్య, తరువాత దానికి బదులుగా పుట్టగొడుగు. తెలుగు అనువాదం ఈ క్రమాన్ని యథాతథంగా తీసుకుంటుంది. చారిత్రకంగా ఆద్యమైనదాన్ని ప్రత్యామ్నాయమని పిలవడంలోని వింతను ఒక్క వాక్యంలో చెప్పగల అవకాశాన్ని వదులుకుంటుంది.

తెలుగులో ఈ పేరు రాసే తీరులోనూ నిలకడ లేదు. కైటిన్, ఖైటిన్, చిటిన్ అనే మూడు రూపాలూ కనిపిస్తాయి. కైటోసాన్, చిటోసాన్ విషయంలోనూ అంతే. ఆంగ్ల అక్షరక్రమాన్ని చూసి చదివితే ‘చ’కారం వస్తుంది, ఆంగ్ల ఉచ్చారణను విని రాస్తే ‘క’కారం వస్తుంది. ‘ఖైటిన్’ అన్న పాత పాఠ్యపుస్తకాల రూపంలోని మహాప్రాణం మాత్రం, ఉద్దేశపూర్వకమో కాదో గానీ, ప్రాచీన గ్రీకు ధ్వనికి మూడింటిలో దగ్గరగా ఉంది. వాడుక దృష్ట్యా కకార రూపాన్ని స్థిరపరచుకోవడం మేలు. లేకపోతే చిటిన్ ఒక పదార్థమనీ, కైటిన్ మరొకటనీ విద్యార్థి భ్రమపడే ప్రమాదం ఉంది.

‘పుట్టగొడుగు’ విషయం ఇంతకంటే చిక్కైనది. ఈ మాటలో పుట్ట ఉంది. తొలకరి తరువాత చెదల పుట్టల మీద లేచే గొడుగులను చూసినవారు కట్టిన పేరిది. శాస్త్రం ఇప్పుడు చెదలకూ, వాటితో సహజీవనం చేసే ఆ శిలీంధ్రానికీ ఉన్న సంబంధాన్ని వివరంగా చెబుతుంది. పేరు ఆ సంబంధాన్ని ముందే గుర్తించి పెట్టుకుంది. పనికిరానివాటికి కుక్కగొడుగు అని వేరే పేరు ఉండనే ఉంది. కాగా ‘శిలీంధ్రం’ సంస్కృతంలో పుట్టగొడుగునే చెప్పే మాట. తెలుగు జీవశాస్త్ర పరిభాష దాన్ని విస్తరించి బూజులు, ఈస్టులు, పుట్టగొడుగులు అన్నిటికీ కలిపి వాడింది. ఈ విస్తరణ పాఠ్యపుస్తకం లోపల పనిచేస్తుంది. బయట మాత్రం శిలీంధ్రమంటే పుట్టగొడుగే అన్న పాత అర్థం తిరిగి తలెత్తుతుంది. ‘శిలీంధ్ర మూలం కలిగిన కైటోసాన్’ అన్న మాట ‘పుట్టగొడుగు కైటోసాన్’గా మారడానికి ఒక్క అడుగు చాలు.

ఆ అడుగు చిన్నది కాదు. ఐరోపా సమాఖ్య 2011లో ద్రాక్షసారా శుద్ధికి అనుమతించిన కైటోసాన్‌కు మూలం ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్లబూజు. సిట్రిక్ ఆమ్లం తయారీకి పెద్ద తొట్లలో పెంచే బూజు అది. దానికి గొడుగూ లేదు, కాడా లేదు. మూలం బూజు అయినప్పుడు తెలుగు వాక్యం బూజు అనే చెప్పాలి. వినడానికి పుట్టగొడుగు అంత ఇంపుగా లేకపోవడం అందుకు అడ్డు కాకూడదు.

3. వెన్న తీయడం, పెరుగు తోడుపెట్టడం:

ఆంగ్లంలోని ఒకే క్రియకు తెలుగు పరిభాష నిష్కర్షణ, సంగ్రహణ, వెలికితీత అనే మూడు మాటలిచ్చింది. వీటిలో ‘నిష్కర్షణ’ రసాయనశాస్త్ర పాఠాల్లో స్థిరపడినది. తేల్చిచెప్పడమనే అర్థంలో వాడే ‘నిష్కర్ష’ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. మూడింటి భావమూ ఒక్కటే: ఉన్నదాన్ని ఉన్నట్టుగా బయటికి లాగడం.

తెలుగు వంటింటికి ఈ విషయంలో పరిభాష కంటే సునిశితమైన విచక్షణ ఉంది. మజ్జిగ చిలికి వెన్న ‘తీస్తారు’. గానుగలో నూనె ‘తీస్తారు’. పాలను మాత్రం ‘తోడుపెడతారు’. పాల నుంచి పెరుగు తీశామని ఎవరూ అనరు. వెన్న పెరుగులో ముందే ఉంది, పెరుగు పాలలో ముందు లేదు. అలాగే గుల్లల నుంచి సున్నం తీయరు, గుల్లలను కాల్చి సున్నం చేస్తారు. ఉన్నది వేరుపడటానికీ, ఒకటి మరొకటిగా మారడానికీ మధ్య ఉన్న రసాయనభేదాన్ని ఈ క్రియలు పాటిస్తున్నాయి.

ఈ భేదాన్ని పట్టుకుని పుట్టగొడుగు దగ్గరికి వెళ్లాలి. మార్కెట్లో దొరికే బటన్ పుట్టగొడుగు, అంటే అగారికస్ బైస్పోరస్, కణకవచంలో ప్రధానంగా ఉండేవి కైటిన్, గ్లూకాన్. కైటిన్ అనేది ఎన్-ఎసిటైల్ గ్లూకోజమిన్ అనే చక్కెర అణువుల పొడవైన గొలుసు. ప్రతి అణువుకూ ఒక ఎసిటైల్ సమూహం అంటుకుని ఉంటుంది. ఆ సమూహాలను సగానికి మించి తొలగిస్తే, గొలుసు మీద అమైనో సమూహాలు బయటపడి, పదార్థం పలుచని ఆమ్లంలో కరగడం మొదలుపెడుతుంది. అప్పుడు దాని పేరు కైటోసాన్. రెంటి మధ్య గీత గీసినట్టు హద్దు లేదు. ఎసిటైల్ సమూహాలు ఎంత మేరకు పోయాయన్న కొలతే పదార్థం స్వభావాన్ని నిర్ణయిస్తుంది.

పని జరిగే తీరు చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఎండబెట్టి పొడిచేసిన పుట్టగొడుగును పలుచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేస్తారు. ప్రోటీన్లు, క్షారంలో కరిగే గ్లూకాన్లు వెళ్లిపోతాయి. మిగిలిన కరగని ముద్దలో కైటిన్ ఉంటుంది, దానికి రసాయనబంధంతో అతుక్కున్న గ్లూకాన్ కూడా ఉంటుంది. ఈ ముద్దను 40 నుంచి 50 శాతం గాఢత గల క్షారంలో, నీరు మరిగే ఉష్ణోగ్రతకు అటూ ఇటూ, గంటల తరబడి ఉంచితే ఎసిటైల్ సమూహాలు ఊడతాయి. ఆ తరువాత పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కైటోసాన్ కరుగుతుంది, కరగనివి అడుగున నిలుస్తాయి. తేటను వేరుచేసి దాని పీహెచ్‌ను 9 లేదా 10 వరకు పెంచితే కైటోసాన్ అవక్షేపంగా దిగుతుంది. దాన్ని కడిగి ఆరబెడతారు.

ఈ క్రమంలో ‘తీయడం’ అనదగినవి మొదటి మెట్టు, చివరి మెట్టు. నడుమ జరిగినది ‘మార్చడం’. గాఢ క్షారంలో ఉడికిన తరువాత వచ్చినది, మొదట పుట్టగొడుగులో ఉన్నది కాదు. కనుక బటన్ పుట్టగొడుగు విషయంలో ‘కైటిన్‌ను తీసి కైటోసాన్‌గా మారుస్తారు’ అన్నదే సరైన వాక్యం. రెండు క్రియలు కావలసినచోట ఒక్క క్రియతో సరిపెట్టడం వల్ల పాఠకునికి అందేది ఒక కషాయం చిత్రం. ఆకును నీళ్లలో మరిగిస్తే సారం దిగినట్టు, పుట్టగొడుగును మరిగిస్తే కైటోసాన్ దిగుతుందనుకుంటాడు. ఆ ఊహ నుంచి ‘సహజం’ అన్న విశేషణం దానంతటదే పుడుతుంది. కాస్టిక్ సోడా, దాన్ని వాడాక మిగిలే క్షారజలం, ఆ జలాన్ని ఎక్కడ వదలాలన్న సమస్య – ఇవన్నీ ‘వెలికితీత’ అన్న ఒక్కమాట చాటున దాగిపోతాయి. రొయ్య పెంకు విషయంలో కాల్షియం కార్బొనేట్‌ను తొలగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అదనంగా ఒక మెట్టు ఉంటుంది. పుట్టగొడుగుకు సాధారణంగా ఆ అవసరం రాదు. ఇది నిజమైన సౌలభ్యం. తక్కిన క్షారపు పని రెంటికీ ఉన్నదే అన్నది కూడా అంతే నిజం.

అయితే ‘తీయడం’ పూర్తిగా చెల్లే సందర్భం ఒకటుంది. మ్యూకొరేలిస్ వర్గపు బూజుల కణకవచంలో కైటోసాన్ స్వయంగా ఉంటుంది. ఈ బూజుల్లో ఒక ఎంజైము కైటిన్ గొలుసును అల్లుతుంటే, డీఎసిటైలేజ్ అనే మరో ఎంజైము ఆ గొలుసు గట్టిపడకముందే ఎసిటైల్ సమూహాలను కత్తిరిస్తుంది. మ్యూకర్ రౌక్సీ అనే బూజు మీద 1970, 1980 దశకాల్లో జరిగిన పరిశోధనలు దీన్ని వెల్లడించాయి. ఇక్కడ గాఢ క్షారంతో మార్చవలసిన పని బూజే చేసిపెట్టింది. పలుచని క్షారం, పలుచని ఆమ్లం చాలు. ఇది వెన్న తీయడం, అది పెరుగు తోడుపెట్టడం.

ఈ వర్గం తెలుగు పాఠకునికి తెలియనిది కాదు. 2021లో కోవిడ్ రెండో విడతలో ‘బ్లాక్ ఫంగస్’ పేరుతో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రులను భయపెట్టిన మ్యూకర్‌మైకోసిస్‌కు కారణమైన రైజోపస్ తదితర బూజులు ఈ వర్గానివే. నిజానికి ఆ బూజు నల్లనిది కాదు. అది సోకినచోట కణజాలం చచ్చి నల్లబడుతుంది. పేరులో రంగు రోగి శరీరానిది, నింద బూజుది. కైటోసాన్‌ను అత్యంత సహజంగా ఇచ్చే శిలీంధ్రవర్గంలోనే ప్రాణాంతకమైన బూజులూ ఉన్నాయన్న సంగతి తెలిస్తే, ‘సహజం కనుక క్షేమం’ అనే వాక్యం రాయడానికి ఎవరికైనా చెయ్యి ఆగుతుంది.

4. ఎవరికి వ్యర్థం?

2004లో అమెరికాకు చెందిన పరిశోధకులు బటన్ పుట్టగొడుగు నుంచి కైటిన్, కైటోసాన్ పొందడం గురించి ప్రచురించిన పత్రం ఈ రంగంలో తరచు ప్రస్తావనకు వస్తుంది. దాని శీర్షికలోనే పుట్టగొడుగు వ్యర్థం అన్న మాట ఉంది. అక్కడ పెద్ద పెంపక కేంద్రాల్లో కాడల అడుగుభాగాలు, ఆకారం చెడినవి, ఎక్కువగా విచ్చుకున్నవి కుప్పలుగా మిగులుతాయి. వాటికి విలువ కల్పించడం ఆ పరిశోధన లక్ష్యం.

ఆ మాటను తెలుగులోకి తెచ్చి ‘పుట్టగొడుగు వ్యర్థాల నుంచి’ అని రాయగానే ప్రశ్న వస్తుంది: ఎక్కడి వ్యర్థాలు? హైదరాబాదు, విజయవాడ అంగళ్లలో అమ్మే పొట్లాల్లో పుట్టగొడుగు కాడతో సహా వస్తుంది, కాడతో సహా కూరలోకి వెళుతుంది. మన్యం సంతలో కొన్న పుట్టగొడుగులోనైతే వదిలేది మట్టి అంటిన మొదలు మాత్రమే. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో జాతీయస్థాయి పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఉంది. పెద్ద పెంపకం ఉన్న ప్రాంతాల్లో పోగుపడే మిగులు వేరు, తెలుగునాట వంటింట్లో మిగిలేది వేరు. వ్యర్థం అనేది పదార్థానికి ఉండే గుణం కాదు, ఒక ఏర్పాటులో దానికి దొరికిన స్థానం. అనువాదకుడు గుణంగా రాస్తే, లేని ముడిసరుకు ఉన్నట్టవుతుంది.

తెలుగునాట నిజంగా పోగుపడే ముడిసరుకు మరొకటుంది. దేశంలో సాగురొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. శుద్ధి కర్మాగారాల్లో తలలు, పెంకులు రాశులుగా మిగులుతాయి. వీటి నుంచి కైటిన్, కైటోసాన్ తయారుచేసే పద్ధతులపై కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చాలాకాలంగా పనిచేస్తోంది. కనుక భీమవరం పరిసరాల పాఠకునికి ‘రొయ్య పెంకుకు ప్రత్యామ్నాయంగా పుట్టగొడుగు’ అని చెప్పడం అతని ఎదుట ఉన్న రాశిని పక్కనబెట్టి, లేని రాశిని చూపించడమే. పుట్టగొడుగుకు అనుకూలంగా చెప్పగల వాదం ఉంది. తొట్లలో, గదుల్లో పెంచేది కాబట్టి ఏడాది పొడుగునా ఒకే నాణ్యతతో దొరుకుతుంది, సముద్రంలోని భారలోహాల భయం ఉండదు. వైద్యానికి ఆ సమానత్వం ముఖ్యం. వాదాన్ని అక్కడ నిలపాలి గానీ వ్యర్థం మీద కాదు.

ఇక్కడే మరో పదసమస్య. రొయ్య పైతొడుగును కొందరు ‘రొయ్యపొట్టు’ అని అనువదించవచ్చు. కోస్తా వంటిళ్లలో రొయ్యపొట్టంటే ఎండబెట్టిన చిన్నరొయ్యలు. వంకాయలో వేసుకునేది. దాని నుంచి కైటోసాన్ చేస్తారంటే చదివినవారికి నోరూరడమో నవ్వు రావడమో తప్ప విషయం అందదు. పెంకు అనడమే సరైనది.

5. ‘పడటం’:

వైద్యవినియోగం దగ్గరికి వచ్చేసరికి మాటల బరువు పెరుగుతుంది. ఆమ్లంలో కరిగిన కైటోసాన్ గొలుసు మీద ధనావేశం ఉంటుంది. ఎర్రరక్తకణాల పైపొర మీద ఋణావేశం ఉంటుంది. రెండూ పెనవేసుకుని గాయం మీద ముద్దకడతాయి. రక్తం గడ్డకట్టే సహజప్రక్రియ మందగించినవారిలో కూడా ఈ పట్టు పనిచేయడం దీని ప్రత్యేకత. ఈ సూత్రంతో తయారైన హెమ్‌కాన్ పట్టీకి 2002లో అమెరికాలో అనుమతి లభించింది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల్లో సైనికుల గాయాలకు దాన్ని వాడారు. దాని ముడిసరుకు రొయ్య పెంకు. భారతదేశంలో తయారయ్యే ఆక్సియోస్టాట్ కూడా కైటోసాన్ పట్టీయే.

రొయ్య పడనివారికి ఈ పట్టీలు ప్రమాదమా అన్న ప్రశ్న పుట్టగొడుగు కైటోసాన్‌కు ప్రధాన సమర్థనగా నిలుస్తోంది. రొయ్య అలర్జీకి ముఖ్యకారణం ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్, కైటిన్ కాదు. శుద్ధి బాగా జరిగితే ఆ ప్రోటీన్ వెళ్లిపోవాలి. రొయ్య, పీత అలర్జీ ఉన్నవారిపై రొయ్య కైటోసాన్ పట్టీని పరీక్షించిన ఒక చిన్న అధ్యయనం 2011లో వెలువడింది. పాల్గొన్నవారిలో ప్రతిచర్య కనిపించలేదు. చిన్న అధ్యయనం కనుక భయం అక్కర్లేదని తేల్చడానికి అది చాలదు. రొయ్య కైటోసాన్ అలర్జీ తెస్తుందని రాయడానికి అసలే చాలదు. మరోవైపు పుట్టగొడుగు కైటోసాన్‌లో మిగిలిపోగల బీటా గ్లూకాన్ శరీర రక్షణవ్యవస్థను కదిలించే పదార్థం. ఒక వినియోగంలో అది లాభం కావచ్చు, మరొకదాంట్లో కల్మషం. ‘రొయ్యది హానికరం, పుట్టగొడుగుది సురక్షితం’ అని విడదీసే వాక్యం రెండు వైపులా తప్పుతుంది.

ఈ చోట తెలుగు పరిభాష ‘జీవానుకూలత’ అనే మాటను ముందుకు తెస్తుంది. ఆంగ్లంలో ఈ భావనకు 1980ల చివర డేవిడ్ విలియమ్స్ సంపాదకత్వంలో రూపొందిన నిర్వచనం నేటికీ ఆధారం. దాని సారాంశం: ఒక పదార్థం ఒక నిర్దిష్ట వినియోగంలో, శరీరం నుంచి తగిన ప్రతిస్పందనతో తన పని చేయగలగడం. అంటే ఇది పదార్థం ఒంటరిగా మోసే గుణం కాదు. పదార్థానికీ, శరీరానికీ, వినియోగానికీ మధ్య ఉండే సంబంధం. ‘కైటోసాన్ జీవానుకూలమైన పదార్థం’ అన్న వాక్యంలో ఆ సంబంధం కనిపించదు. ఎవరికి, దేనికి అన్న ప్రశ్నలకు ఆ సమాసంలో చోటే లేదు.

తెలుగు వాడుకభాషలో ఇదే భావానికి ‘పడటం’ అనే క్రియ ఉంది. ‘ఆ మందు అతనికి పడదు’, ‘వంకాయ ఆమెకు పడదు’ అంటారు. ఈ క్రియ విభక్తి ప్రత్యయం లేకుండా నిలవదు. ‘కు’ రావాలి, వెనుక ఒక మనిషి ఉండాలి. సందర్భాన్నిబట్టి వేళ, మోతాదు కూడా వస్తాయి: రాత్రిపూట పడదు, పరగడుపున పడదు. విలియమ్స్ నిర్వచనం కోరే సంబంధాన్ని ఈ దేశ్యక్రియ వ్యాకరణంలోనే భద్రపరిచింది. పారిభాషిక పదంగా జీవానుకూలత ఉండవచ్చు. కానీ దాన్ని తొలిసారి వివరించేటప్పుడు ‘పడటం’ ద్వారా వివరిస్తే, విద్యార్థి దాన్ని పదార్థపు శాశ్వతగుణంగా పొరపడడు. కైటోసాన్ కణజాలంలో ఎంత త్వరగా కరిగిపోతుందన్నది కూడా అటువంటిదే. లైసోజైమ్ అనే ఎంజైము గొలుసును తెంపుతుంది, అయితే దానికి గొలుసు మీద కొన్ని ఎసిటైల్ సమూహాలు మిగిలి ఉండాలి. మొత్తం తొలగిస్తే కరగడం బాగా మందగిస్తుంది. ‘శరీరంలో కరిగిపోతుంది’ అన్న వాక్యానికి కూడా ఏ కైటోసాన్, ఎంత కాలంలో అన్న తోడు కావాలి.

బటన్ పుట్టగొడుగు నుంచి వచ్చిన పదార్థం నిజంగా రోగి శరీరంలోకి వెళ్లిన ఉదాహరణ బెల్జియంలో ఉంది. అక్కడి కియోమెడ్ ఫార్మా సంస్థ ఈ పుట్టగొడుగు నుంచి కార్బాక్సీమిథైల్ కైటోసాన్ తయారుచేసి, మోకాలి కీళ్లవాతానికి సూదిమందుగా అందిస్తోంది. సాధారణ కైటోసాన్ ఆమ్లంలోనే కరుగుతుంది. కీలులోని తటస్థ ద్రవంలో కరగాలంటే గొలుసుకు మరో రసాయన సమూహాన్ని జోడించాలి. అంటే పుట్టగొడుగు నుంచి మోకాలి వరకు కైటిన్‌ను వేరుచేయడం, కైటోసాన్‌గా మార్చడం, మళ్లీ మార్చడం అనే మెట్లున్నాయి.

ఈ సమాచారం తెలుగులోకి వచ్చినప్పుడు ఎక్కడ జారిపోగలదో ఊహించడం కష్టం కాదు. మోకాలి ‘గుజ్జు’ అరగడం, గుజ్జు పెరగడం అన్నవి తెలుగు ఇళ్లలో నిత్యం వినబడే మాటలు. గుజ్జు పెంచే ఆహారాల జాబితాలకు ఎప్పుడూ గిరాకీయే. ‘పుట్టగొడుగులోని కైటోసాన్ మోకాలి నొప్పికి మందు’ అని రాస్తే, పుట్టగొడుగు కూర తింటే గుజ్జు పెరుగుతుందన్న అర్థానికి తలుపు తెరిచినట్టే. బటన్ పుట్టగొడుగులో ప్రధానంగా ఉన్నది కైటోసాన్ కాదు. తిన్న కైటిన్‌లో ఎక్కువభాగం మనిషి జీర్ణకోశంలో పీచులాగే సాగిపోతుంది. వాక్యంలో ‘తీసి, మార్చి, సూదితో కీలులోకి ఎక్కించే’ అన్న మూడు క్రియలు ఉంటే ఈ అపోహకు సందు దొరకదు. బరువు తగ్గించే మాత్రగా కైటోసాన్‌కు ఉన్న ప్రచారమూ ఇదే జాబితాలోకి వస్తుంది. 2008 నాటి కాక్రేన్ సమీక్ష దాని ప్రభావం అత్యల్పమనీ, చికిత్సాపరంగా ప్రాధాన్యం ఉండకపోవచ్చనీ చెప్పింది.

6. ‘శాకాహార’ ముద్ర:

పుట్టగొడుగు కైటోసాన్‌కు ‘శాకాహార కైటోసాన్’ అన్న వర్ణన కూడా వ్యాపారభాషలో ఉంది. శాకమంటే మొక్క. శిలీంధ్రం మొక్క కాదు. పరిణామక్రమంలో అది మొక్కల కంటే జంతువులకే దగ్గరిచుట్టం. కైటిన్ కీటకంలోనూ పుట్టగొడుగులోనూ ఉండటమే ఆ చుట్టరికాన్ని గుర్తుచేస్తుంది. సంప్రదాయమూ దీన్ని శాకంగా తేలిగ్గా ఒప్పుకోలేదు. ధర్మశాస్త్రాలు కవకాన్ని వెల్లుల్లి, ఉల్లితోపాటు నిషిద్ధాల్లో చేర్చాయి. నేటికీ కొన్ని ఇళ్లలో పుట్టగొడుగు పొయ్యి ఎక్కదు. జంతువుల నుంచి రానిది అన్న అర్థంలో ఆకుపచ్చ చుక్క చట్టానికి సరిపోతుంది. వైద్యవచనానికి ‘జంతుజన్యం కాని’ అన్న మాట చాలు. అది తక్కువ ఆకర్షణీయమే, కానీ తక్కువ వాగ్దానం చేస్తుంది.

7. ఒక సవరణ ప్రతిపాదన:

పైన పరిశీలించిన మొదటి వాక్యాన్ని ఈ దృష్టితో తిరగరాస్తే ఇలా ఉండవచ్చు: ‘బటన్ పుట్టగొడుగు కణకవచం నుంచి కైటిన్‌ను తీసి, గాఢ క్షారంతో దాన్ని కైటోసాన్‌గా మార్చి, శుద్ధిచేసి, గాయపు పట్టీల వంటి వినియోగాలకు పరీక్షిస్తున్నారు.’ వాక్యం పొడవైంది. ‘వాడతారు’ అన్నచోట ‘పరీక్షిస్తున్నారు’ వచ్చింది. పుట్టగొడుగు మూలం విషయంలో పట్టీల మీద జరుగుతున్న పని అధికభాగం ప్రయోగశాల దశలోనిదే కనుక ఈ క్రియ అవసరం. మూలం మ్యూకర్ వర్గపు బూజైతే ‘మార్చి’ తొలగించి, ‘కణకవచంలోని కైటోసాన్‌ను తీసి’ అనాలి. ఆస్పర్జిల్లస్ అయితే ‘నల్లబూజు’ అని చెప్పి ‘మార్చి’ ఉంచాలి. పారిభాషిక పదకోశాల్లో ‘కైటోసాన్’ అన్న ఆరోపానికి ఎదురుగా అర్థంతోపాటు ఈ క్రియాప్రయోగాలను కూడా ఇస్తే, అనువాదకునికి వాక్యం కట్టే దగ్గర ఆధారం దొరుకుతుంది.

పట్టీ పొట్లం మీది తెలుగు సూచనకూ ఈ పద్ధతి వర్తిస్తుంది. ‘శిలీంధ్ర మూల జీవానుకూల పదార్థం’ అన్న వరుస అత్యవసర విభాగంలో ఎవరికీ పనికిరాదు. ఏ ప్రాణి నుంచి వచ్చింది, రొయ్య గానీ పుట్టగొడుగు గానీ పడనివారు వైద్యునికి ముందే చెప్పాలి – ఈ రెండు సంగతులు చిన్న వాక్యాల్లో ఉంటే చాలు. కోస్తా ఆసుపత్రిలో నర్సు రోగిని అడిగే ప్రశ్న కూడా ఆ క్రియతోనే ఉంటుంది: ‘మీకు రొయ్యలు పడతాయా అండీ?’